దోషమెక్కడున్నది? – నెట్‌వర్కు సహాయకుని తొలి పాఠం

దేశంలోని గ్రామ పంచాయతీలన్నింటినీ ఆప్టికల్ ఫైబర్‌తో కలుపదలచి భారత ప్రభుత్వం 2011 అక్టోబరులో ఒక పథకాన్ని ఆమోదించింది. మొదట జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్కు అనే పేరుతో వెలసిన ఆ పథకమే తరువాత భారత్‌నెట్ అయినది. దానిని ప్రయోగాత్మకంగా పరీక్షించడానికి మూడు బ్లాకులను ఎన్నుకొన్నారు. ఒకటి రాజస్థాన్‌లో అజ్మీర్ జిల్లాకు చెందిన అరాయిన్; రెండవది ఈశాన్యాన ఉత్తర త్రిపుర జిల్లాలోని పానీసాగర్; మూడవది ఆంధ్రప్రదేశ్‌లో నాటి విశాఖపట్నం జిల్లా పరవాడ. వాన తక్కువైన మెట్టనేల ఒకటి, కొండల నడుమ ఒకటి, సముద్ర తీరానికి చేరువలో ఒకటి. ప్రజలు మాట్లాడే భాషలు వేరు, తినే తిండి వేరు, కట్టే ఇల్లు వేరు. అయినా మూడుచోట్లా ఫైబరు కొనను అందుకొనే పెట్టె ఒకే జాతిది. దానిపై వెలిగే దీపాలకు అర్థం ఒకటే. ఆ దీపాలలో ఒకటి ఎర్రబడినప్పుడు వేయవలసిన ప్రశ్నలూ ఒకటే.

ఆ ప్రశ్నలను వరుస తప్పకుండా వేయగలిగిన వ్యక్తినే నేడు నెట్‌వర్కు సహాయక సాంకేతికుడని పిలుస్తున్నారు. కంప్యూటర్ నిర్మించే ఇంజనీరు వేరు, ప్రోగ్రాములు రచించే నిపుణుడు వేరు. ఉన్న వ్యవస్థ ఆగిపోయినప్పుడు ఎక్కడ ఆగినదో కనిపెట్టి, తనకు చేతనైనది సరిచేసి, చేతకానిదానిని పైవారికి స్పష్టంగా నివేదించడం ఇతని పని. గ్రామంలో ఒక్కరోజు లైను నిలిచిపోతే, బ్యాంకు ప్రతినిధి వద్ద వేలిముద్ర వేసి సొమ్ము తీసుకొనవచ్చిన వృద్ధురాలు వట్టిచేతులతో మరలిపోతుంది. దరఖాస్తు గడువు చివరి దినమైతే ఒక విద్యార్థికి ఏడాది నష్టమవుతుంది. కనుక ఈ చిన్న ఉద్యోగానికి ఇచ్చే శిక్షణ ఎట్లా ఉన్నదనే ప్రశ్న చిన్నది కాదు.

ఈ శిక్షణకు మన దేశంలో అనేక ద్వారాలున్నవి. 1950లో ఆరంభమైన వృత్తికారుల శిక్షణ పథకం క్రింద పారిశ్రామిక శిక్షణ సంస్థలలో కంప్యూటర్ హార్డ్‌వేర్, నెట్‌వర్కు నిర్వహణ అనే ట్రేడు ఉన్నది. పదవ తరగతి ఉత్తీర్ణులైనవారు ఏడాదిపాటు చదివి, అఖిల భారత స్థాయి పరీక్ష వ్రాసి, జాతీయ వృత్తి ధ్రువపత్రం పొందవచ్చు. వీటికి తోడు అంతర్జాతీయ సంస్థల ధ్రువపత్రాలున్నవి. సిస్కో సంస్థ 1998లో సి.సి.ఎన్.ఎ. అనే పరీక్షను ప్రవేశపెట్టినది. దానికి తొలిమెట్టుగా 2007లో సి.సి.ఇ.ఎన్.టి. అనే మరొక పరీక్షను పెట్టి, 2020 ఫిబ్రవరిలో దానిని ఉపసంహరించినది. తిరిగి 2023లో సహాయక సాంకేతికుల కొరకే సి.సి.ఎస్.టి. అనే కొత్త పరీక్షను ముందుకు తెచ్చినది. కాంప్‌టియా సంస్థ వారి నెట్‌వర్క్ ప్లస్ కూడ ఈ కోవలోనిదే. పేర్లు ఇట్లా పుట్టుతూ గిట్టుతూ ఉంటాయి. కాని ఏ పాఠ్యప్రణాళికను తెరచి చూచినా లోపలి విషయం ఒక్కటే: ప్రమాణాలు, చిరునామాలు, తీగలు, పరికరాలు, దోషనిర్ణయం, భద్రత. వీటిలో మొదటి నాలుగూ దోషనిర్ణయానికి సాధనాలు మాత్రమేనని ఈ రచయిత అభిప్రాయం. విద్యార్థి ఆ దృష్టితో చదివితే పాఠాలు ఒకదానితో ఒకటి ముడిపడతాయి. లేనిచో విడివిడి మాటల పట్టికగా మిగిలిపోతాయి.

చిరునామాతో మొదలుపెడదాము, ఎందుకంటే అక్కడ మనకు సుపరిచితమైన ఉపమానం ఒకటి ఉన్నది. 1972 ఆగస్టు 15న మన తపాలా శాఖ పిన్‌కోడు ప్రవేశపెట్టినది. ఒకే పేరుగల ఊళ్లు దేశంలో అనేకం; ఒక భాషలో వ్రాసిన చిరునామా మరొక భాషా ప్రాంతంలోని ఉద్యోగికి చదువరాదు. ఈ చిక్కులకు ఆరంకెల సంఖ్య పరిష్కారమైనది. దీని రూపకర్త శ్రీరామ్ భికాజీ వేలంకర్. ఆయన సంస్కృత కవి కూడ కావడం ముచ్చటైన విషయం. పిన్‌కోడులో మొదటి అంకె మండలాన్ని తెలుపుతుంది. అయిదు అని ఉంటే ఆ ఉత్తరం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలలో ఏదో ఒకచోటికి పోవలసినది. ముందరి మూడంకెలు కలిసి ఉత్తరాలను వేరుచేసే జిల్లాను చూపితే, చివరి మూడంకెలు బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని చూపుతాయి. ఢిల్లీలో ఉత్తరాలను వేరుచేసే ఉద్యోగికి చివరి మూడంకెలతో పనిలేదు.

నెట్‌వర్కు చిరునామా కూడ అట్లే రెండు భాగాలు. 192.168.1.25 అనే చిరునామాను తీసుకొందాము. దాని ప్రక్కనే 255.255.255.0 అనే మరొక సంఖ్య ఉంటుంది. దానిని సబ్‌నెట్ మాస్క్ అంటారు. 255 ఉన్న స్థానాలు పేటను తెలుపుతాయి, సున్న ఉన్న స్థానం ఇంటిని తెలుపుతుంది. ఈ లెక్కన ఇది 192.168.1 అనే పేటలోని 25వ ఇల్లు. చివరి స్థానంలో సున్న నుండి 255 వరకు 256 సంఖ్యలు సాధ్యం. మొదటిది పేటకు పేరుగాను, చివరిది అందరికీ ఒకేసారి చాటింపు వేయడానికిగాను పోగా, 254 యంత్రాలకు చోటున్నది. ఒక యంత్రం మరొకదానికి సమాచారం పంపదలచినప్పుడు మొదట చూచుకొనేది ఇదే: అతడు మా పేటవాడా, కాడా? పేటవాడైతే నేరుగా ఇస్తుంది. కానిచో ఊరి వాకిలి వంటి గేట్‌వేకు అప్పగిస్తుంది.

మాస్కును 255.255.255.192గా మార్చితే ఏమవుతుంది? అప్పుడు ఒక పేట నాలుగు వీధులవుతుంది. వీధికి 64 సంఖ్యలు, వాడుకకు 62. మొదటి వీధి సున్న నుండి 63 వరకు, రెండవది 64 నుండి 127 వరకు. 192.168.1.25, 192.168.1.70 అనే రెండు కంప్యూటర్లు ఒకే బల్లపై ఒకే స్విచ్చికి తగిలించి ఉన్నా ఇప్పుడవి వేరువేరు వీధులవి. నడుమ దారి చూపే రౌటర్ లేకపోతే ఒకదానినొకటి పలుకరించుకొనలేవు. పరీక్షలలో ఇట్టి లెక్కలు తప్పక అడుగుతారు. అడగడం సమంజసమే, మాస్కులో ఒక్క సంఖ్య తప్పుగా వేసినందున కార్యాలయంలో సగం యంత్రాలు ముద్రణ యంత్రాన్ని చేరలేకపోవడం తరచుగా జరిగే విషయం.

ఇక తీగ. రాగితీగ గల సాధారణ నెట్‌వర్కు కేబులులో నాలుగు జతలుగా పురిపెట్టిన ఎనిమిది తీగలుంటాయి. పురిపెట్టడం అందం కొరకు కాదు. ఒక జతలోని రెండు తీగలలో విద్యుత్సంకేతం పరస్పర విరుద్ధంగా నడుస్తుంది. పురి వలన బయటి అలజడి రెండింటినీ సమానంగా తాకుతుంది. స్వీకరించే పరికరం రెండింటి భేదాన్ని మాత్రమే చూస్తుంది కనుక ఆ అలజడి చెరిగిపోతుంది. కొనకు బిగించే వరుసలలో మన దేశంలో తరచుగా వాడేది ఇది: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జతను విడదీసి నీలం జతను నడుమ ఇరికించడం కొత్తవారికి వింతగా తోస్తుంది. అందుచేత కొందరు జతలను చక్కగా ప్రక్కప్రక్కన పేర్చి, రెండు కొనలా అట్లే బిగిస్తారు. చవకరకపు పరీక్షాయంత్రంతో చూస్తే ఎనిమిది దీపాలూ వరుసగా వెలుగుతాయి. తీగ మంచిదని శిష్యుడు సంతోషిస్తాడు. కాని మూడవ, ఆరవ స్థానాలు కలిసి ఒక జతగా పనిచేయాలని ప్రమాణం. ఇతడు అక్కడ రెండు వేరు జతల తీగలను పెట్టినాడు. పురి వలన రావలసిన రక్షణ పోయినది. లైను పనిచేసినట్లే ఉండి మందగిస్తుంది, పొడవు పెరిగినకొద్దీ తెగుతూ కలుస్తూ ఉంటుంది. దీపం వెలుగుట ఒకటి, లైను బాగుండుట మరొకటి అని శిక్షణార్థికి బోధపరచడానికి ఇంతకంటె మంచి ప్రయోగం లేదు; ఏ శిక్షణాలయంలోనైనా పది రూపాయల తీగతో చేసి చూపవచ్చు. స్విచ్చి నుండి కంప్యూటర్ వరకు ఈ తీగ నూరు మీటర్లు మించరాదన్నది మరొక నియమం.

ఇప్పుడు ఒక పంచాయతీ కార్యాలయాన్ని ఊహించుకొందాము. కార్యదర్శి ఫోను చేసి, "నెట్టు రావడం లేదండీ" అన్నాడు. ఇంతే ఫిర్యాదు. సహాయకుడు మొదట చేయవలసినది పరికరాన్ని తాకడం కాదు, అడగడం. "అన్ని కంప్యూటర్లకూ రావడం లేదా, ఒక్కదానికేనా? ఎప్పటినుండి? నిన్న ఎవరైనా ఏమైనా మార్చినారా? బల్ల జరిపినారా?" ఒక్కదానికే అయితే దోషం ఆ యంత్రంలోనో దాని తీగలోనో ఉంటుంది. అన్నింటికీ అయితే అందరికీ ఉమ్మడియైన చోట వెదకాలి. ఈ ఒక్క ప్రశ్నతో వెదకవలసిన ప్రదేశం సగానికి తగ్గిపోయినది.

తరువాత ఫైబరు పెట్టె వద్దకు పోవాలి. విద్యుత్తు ఉన్నదా? గ్రామాలలో దోషం పలుమార్లు ఇక్కడే ముగుస్తుంది. కరెంటు పోయి బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. విద్యుత్తు ఉండి, కాంతి అందడం లేదని తెలిపే ఎర్రదీపం వెలుగుతుంటే ఫైబరు ఎక్కడో తెగినదనో వంగినదనో అర్థం. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబరును చాలావరకు విద్యుత్ స్తంభాల మీదుగా నడిపినారు, కనుక గాలివాన దానికి శత్రువు. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి గొట్టాల వెంట భూమిలో వేసినారు, కనుక గుంత త్రవ్వే యంత్రం దానికి శత్రువు. భారత్‌నెట్ తొలి దశలలో లైన్లు చెట్టుకొమ్మల వలె చీలుతూ పోయేవి. కొమ్మ విరిగితే దాని చివరనున్న ఊళ్లన్నీ మూగబోయేవి. 2023లో కేంద్రం ఆమోదించిన సవరించిన పథకం వలయాకారపు అమరికను కోరుతున్నది. వలయంలో ఒకచోట తెగినా సమాచారం రెండవ ప్రక్కనుండి తిరిగి చేరుతుంది. తెగిన ఫైబరును అతకడం ప్రత్యేక పరికరాలతో చేసే పని. గ్రామస్థాయి సహాయకుడు దానికి పూనుకొనరాదు. ముఖ్యంగా ఫైబరు కొనలోనికి కంటితో చూడరాదు. అందులో ప్రసరించే లేసర్ కాంతి కంటికి కనబడదు, కాని కంటికి హాని చేయగలదు. కనబడనిది లేదనుకోవడం ఈ పనిలో ప్రమాదకరం.

దీపాలన్నీ సరిగా ఉన్నవనుకొందాము. అప్పుడు కంప్యూటర్‌కు చిరునామా వచ్చినదా అని చూడాలి. 169.254తో మొదలయ్యే చిరునామా కనబడితే, ఆ యంత్రం చిరునామా ఇమ్మని అడిగినది, ఎవరూ బదులివ్వలేదు, విసిగి తనంతట తానే ఒకటి పెట్టుకొన్నది అని తెలుసుకోవాలి. మంచి చిరునామాయే ఉంటే పింగ్ అనే ఆదేశం వాడాలి. ఇది చీకటిలో నిలబడి "ఓయ్" అని కేకవేసి బదులు వినడం వంటిది. మొదట 127.0.0.1 అనే తన సొంత లోపలి చిరునామాకు, పిదప గేట్‌వేకు, పిదప బయటనున్న ఒక చిరునామాకు, చివరకు ఒక పేరుకు కేకవేయాలి. ఎక్కడివరకు బదులు వచ్చి ఎక్కడ ఆగినదో, దోషం ఆ రెండింటి నడుమ ఉంటుంది. అంకెలకు బదులు వచ్చి పేరుకు రాకపోతే, పేర్లను అంకెలుగా మార్చే డి.ఎన్.ఎస్. సేవలో లోపమున్నది. అయితే ఒక హెచ్చరిక అవసరం. భద్రత కొరకు కొన్ని యంత్రాలు పింగ్‌కు బదులివ్వకుండా అమర్చబడి ఉంటాయి. పలుకనంత మాత్రాన ఇంట్లో మనిషి లేడని తీర్పు చెప్పరాదు.

బదులు వచ్చిన కాలం కూడ సాక్ష్యమే. గాజు తంతువులో కాంతి వేగం సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు. హైదరాబాదు నుండి ఢిల్లీకి ఆకాశమార్గాన సుమారు 1,250 కిలోమీటర్లు. పోయి రావడానికి 2,500. అంటే సెకనులో వెయ్యవవంతులు పన్నెండున్నర కంటె త్వరగా ఏ యంత్రమూ బదులు తేలేదు. దారి వంకరలు, నడుమ రౌటర్లు ఉన్నందున ముప్పై నలభై వస్తే సహజం. అయిదు వందలు వస్తే నడుమ ఎక్కడో రద్దీ ఉన్నదని అనుమానించాలి.

అన్నీ సరిగా ఉండి కూడ ఏ వెబ్‌సైటూ తెరుచుకొనని సందర్భం ఒకటి పాత కంప్యూటర్లలో తరచుగా ఎదురవుతుంది. మదర్‌బోర్డుపై రూపాయి బిళ్లవంటి చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోతే యంత్రం ఆపిన ప్రతిసారీ గడియారం ఏనాటి తేదీకో వెనుకకు పోతుంది. నేడు సురక్షిత వెబ్‌సైట్లన్నీ ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు చెల్లే ధ్రువపత్రాన్ని చూపుతాయి. యంత్రం తన తప్పు తేదీతో పోల్చి, ఆ పత్రం ఇంకా అమలులోకి రాలేదని భావించి తలుపు మూసివేస్తుంది. వాడుకదారు దానిని కూడ "నెట్టు రావడం లేదు" అనే చెబుతాడు. ఈ దోషాన్ని పట్టుకొనడానికి కావలసిన పరికరం తెర మూలనున్న గడియారాన్ని చూచే అలవాటు ఒక్కటే.

పైన నడచిన క్రమం ఎవరో ఇష్టానుసారం పెట్టినది కాదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1984లో ప్రకటించిన ఏడు అంతస్తుల నమూనా దీనికి ఆధారం: అడుగున తీగ, పైన చిరునామాలు, ఆపైన నమ్మకమైన రవాణా, శిఖరాన మనిషి వాడే సేవ. క్రింది అంతస్తు కూలితే పైది నిలువదు. నేటి ఇంటర్‌నెట్ నడిచేది అంతకంటె సరళమైన టి.సి.పి./ఐ.పి. నియమాలపై, అమెరికాలోని అర్పానెట్ 1983 జనవరి 1న వాటికి మారినది. అయినా శిక్షణలో ఏడంతస్తులను ఇంకా బోధించడానికి కారణం, దోషాన్ని వెదికేవానికి అవి మెట్లవలె ఉపకరించడమే. అంతస్తుల పేర్లను వరుసగా వల్లించే విద్యార్థులు కోకొల్లలు. ఎర్రదీపం ఏ అంతస్తుదో, తప్పు తేదీ ఏ అంతస్తుదో చెప్పగలవారు కొందరే.

ఇక్కడ మన శిక్షణాలయాలలో పెరుగుతున్న ఒక దురభ్యాసాన్ని ప్రస్తావించక తప్పదు. పరీక్షలో వచ్చే ప్రశ్నలంటూ జవాబులతో సహా కట్టలు అమ్ముతున్నారు. వాటిని కంఠస్థం చేసి ధ్రువపత్రం తెచ్చుకొన్నవాడు మొదటి ఎర్రదీపం ముందు నిలువలేడు. పరీక్షా సంస్థలు దీనిని నిబంధనల ఉల్లంఘనగా పరిగణిస్తాయి. పట్టుబడితే ధ్రువపత్రం రద్దవుతుంది. పేద కుటుంబం రుసుము కట్టి పంపిన పిల్లవానికి ఇది రెండింతల నష్టం. సాధన చేయడానికి ఖరీదైన ప్రయోగశాల లేదనే సాకు కూడ చెల్లదు. రెండు పాత కంప్యూటర్లు, ఒక పాత స్విచ్చి, ఒక తీగ చుట్ట చాలు. సిస్కో వారి ప్యాకెట్ ట్రేసర్ అనే అనుకరణ సాధనం విద్యార్థులకు ఉచితంగా లభిస్తున్నది. ఒకరు కావాలని ఒక దోషం పెట్టి, మరొకరు కారణం వ్రాస్తూ కనిపెట్టే ఆటను వారానికి రెండుసార్లు ఆడితే, ఆరు నెలలలో చదువు చేతికి దిగుతుంది. ఒక నియమం మాత్రం పాటించాలి: ఒకసారి ఒక్క మార్పే చేయాలి. మూడు తీగలు ఒకేసారి మార్చి బాగుచేసినవానికి ఏది చెడినదో ఎన్నటికీ తెలియదు.

భాష సంగతి. పరికరాల తెరలపై వచ్చే మాటలు ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు అక్కడ బెదురుతారు. రౌటర్, స్విచ్చి, గేట్‌వే వంటి పేర్లను అట్లే ఉంచుకొని, వాటి పనిని మాత్రం తెలుగులో బోధించడమే మేలైన మార్గమని తోస్తుంది. పేరు అరువు తెచ్చుకొనవచ్చు; అవగాహనను అరువు తెచ్చుకొనలేము. చిరునామాలలో కూడ మన లిపులకు స్థానం లభించినది: దేవనాగరి, బంగ్లా, తమిళం వంటి లిపులతో పాటు తెలుగులో .భారత్ అనే అంత్యనామం నేడున్నది. లోపల మాత్రం అవన్నీ ఒకే అంకెలుగా మారి ప్రయాణిస్తాయి. పరవాడలో తర్ఫీదు పొందిన యువతిని పానీసాగర్‌కు పంపితే, పరికరం ముందు ఆమె ఆ క్షణమే పని మొదలుపెట్టగలదు. ఆమె కొత్తగా నేర్వవలసినది, అక్కడి కార్యదర్శిని "ఎప్పటినుండి?" అని బెంగాలీలోనో కొక్‌బొరొక్‌లోనో అడగడం.

చివరగా నమోదు పుస్తకం. పరీక్షలో దీనికి మార్కులు తక్కువ, ఉద్యోగంలో విలువ ఎక్కువ. మరుసటి నెల వచ్చే మరొక సహాయకుడు ముందరివాడు ఏమి చూచినాడో తెలియక అదే దారి మళ్లీ నడవకుండా ఈ పుస్తకం కాపాడుతుంది. ఊహలు కాక, చూచినవి మాత్రమే వ్రాయాలి. మనము ఊహించుకొన్న పంచాయతీ కార్యాలయపు పుస్తకంలో ఒక పుట ఈ విధంగా ఉండవచ్చు:

"ఉదయం 10.40. ఫిర్యాదు: ఒక కంప్యూటర్‌లో ఏ వెబ్‌సైటూ తెరుచుకొనుట లేదు. రెండవ కంప్యూటర్ సరి. ఫైబరు పెట్టె దీపాలు సరి. చిరునామా 192.168.1.25. గేట్‌వే బదులిచ్చినది. పేరుతో పింగ్ చేయగా బదులు వచ్చినది. యంత్రపు తేదీ 2009 జనవరి 1గా ఉన్నది. సరిచేసితిని. వెబ్‌సైట్లు తెరుచుకొన్నవి. బిళ్ల బ్యాటరీ మార్చవలెను. అంతవరకు ప్రతి ఉదయం తేదీ చూచుకొనుమని గుమాస్తాకు తెలిపితిని. 11.15."